అనంతగిరి ఎక్కడానికి తాండూరు దాకా

వికారాబాదులో నన్నెరిగినవాళ్ళు ఈ కథనం చేతిలోకి తీసుకుంటే మొదటి పేజీలోనే నవ్వి పక్కన పెడతారు. తాలూకా కచేరీ ముందు రేకుల పందిరి కింద కూర్చుని, అప్పట్లో ఉర్దూలో, ఇప్పుడు తెలుగులో, అర్జీలు రాసి బతికే మున్షీని నేను. అర్జీల్లో వాడగా మిగిలిన అబద్ధాలను సాయంత్రం చాయ్ హోటల్లో ఊరికే పంచిపెడుతుంటాను. నా ఎడమ మోకాలు పులి కొరికిందని సగం ఊరికి చెప్పాను. పట్టాలు తప్పబోయిన రైలుకు అడ్డంగా కాలు పెట్టి ఆపానని మిగతా సగానికి చెప్పాను. నిజానికి స్నానం చేస్తూ సబ్బుముక్క మీద కాలేసి పడ్డాను.

ప్రయాణం నుంచి తిరిగొచ్చి వారమైంది. ఒళ్ళు ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. అబద్ధం చెప్పాలంటే ఓపిక కావాలి. అలసిపోయిన మనిషికి నిజమే సులువు. కాబట్టి ఇందులో అబద్ధాలు తక్కువ, వాటిలో బాగున్నది నాది కాదు.

బయలుదేరక ముందు

నా భార్య సత్తెమ్మ ఏడు నెలలుగా అనంతగిరి కొండమీది క్షయ ఆసుపత్రిలో ఉంది. చూడనిచ్చేది ఆదివారం ఒక్కరోజే, పదింటి నుంచి పన్నెండు దాకా. ఆదివారం బస్సు లేదు. జట్కా వాళ్ళు ఆసుపత్రి పేరు చెప్పగానే గుర్రానికి జ్వరమంటారు. జబ్బు గుర్రానికి అంటుతుందని భయమో, తమకు అంటుతుందని భయమో నేనెప్పుడూ అడగలేదు. నడుద్దామంటే మోకాలు ఒప్పుకోదు. ఇక మిగిలింది నా మోటారు సైకిలు.

అది మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసిన విలాయతి బండి. ఊరు విడిచి పోతున్న ఒక జాగీర్దారు బావమరిది నా చేతిలో పెట్టి పోయాడు. పొడుగ్గా, నేలకు దగ్గరగా, గేదె పడుకున్నట్టుంటుంది. హ్యాండిలు రెండు కొమ్ముల్లా వెనక్కి వంగి ఉంటుంది. దాని మీద కూర్చుంటే ఎవరైనా జమీందారులా కనిపిస్తారు, అది కదిలేదాకా. కదిలితే మాత్రం కొండ మీద పిడుగులు పడ్డట్టే. సైలెన్సరు లోపలంతా తుప్పుపట్టి రాలిపోయి, ఉత్త డొల్ల మిగిలింది. పైగా ఇంజనుకు సత్తువ లేదు. ఘాటులో మూడు మలుపులుంటే, రెండింటి దగ్గర దిగి, అది చల్లారేదాకా రాతి మీద కూర్చోవాల్సిందే. ఆరు కిలోమీటర్ల దారికి ముప్పావు గంట.

ఆ ముప్పావు గంటా వార్డులో నా మోత వినపడుతూనే ఉంటుందట. నేను గుమ్మంలోకి వచ్చేసరికి సత్తెమ్మ లేచి, వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండేది. పక్క మంచాల ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. నా కళ్ళద్దాలూ, దుమ్మూ చూసి నవ్వుతున్నారనుకునేవాణ్ణి.

పోయిన నెల చివర్లో పెద్ద సిస్టరమ్మ నన్ను గేటు దగ్గరే ఆపింది. కృష్ణా జిల్లా మనిషి, మాటలో మర్యాద ఎక్కువ, కోపం కూడా మర్యాదగానే ఉంటుంది.

"మున్షీగారూ, నిన్ననే ఒకావిడకి ఆపరేషను చేసి పక్కటెముకలు తీశారండీ. మీ బండి చప్పుడుకి ఉలిక్కిపడి కుట్లు పట్టుకుని ఏడ్చింది. వచ్చే ఆదివారం కూడా ఇదే మోతయితే మిమ్మల్ని ఇక్కణ్ణించే పంపేస్తాను. ఏమనుకోకండి."

ఏమనుకుంటాను? ఆమె మాటలో తప్పేమీ లేదు. వికారాబాదులో మెకానిక్కును అడిగితే, "సైలెన్సర్ గట్టిగ మూస్తె ఇంజన్‌కు ఊపిరాడదు సాబ్. మోత పోతది, దాంతోని దమ్ము గూడ పోతది" అన్నాడు. మోత ఉంటే గేటు దాటనివ్వరు. మోత తీసేస్తే గేటు దాకా ఎక్కదు. ఈ రెండింటి మధ్య నా సత్తెమ్మ ఉంది. చేతిలో గురు, శుక్ర, శని మూడు రోజులు. తాండూరులో లారీల సామాను దొరుకుతుందంటే గురువారం పొద్దున్నే బయలుదేరాను.

ధారూర్ దగ్గర గొర్రెలు

వైశాఖం ఎండ. ధారూర్ దాకా దుమ్ము, ఆ తర్వాత ఇంకాస్త ఎర్ర దుమ్ము. స్టేషను దాటిన కాసేపటికి దారికడ్డంగా గొర్రెల మంద కనిపించింది. నేను ఆపేలోపే నా మోత వాటిని చేరింది. రెండు వందల గొర్రెలు రెండు వందల దిక్కులకు పరుగెత్తాయి. కొన్ని కందికొయ్యల్లో పడ్డాయి, ఒకటి కాలువలోకి దూకింది. మధ్యలో గొంగడి కప్పుకున్న ముసలి కురుమాయన ఒక్కడే, గుడిలో దేవుడిలా నిలబడిపోయాడు. తర్వాత ఆయన పేరు మల్లయ్య అని తెలిసింది.

"ఓ సాబూ! గిది బండా, ఉరుమా? సూడి గొర్లున్నయి అండ్ల. ఒక్కటి ఈడ్సుకొని కడుపు పోయినా నీ బండి నా మందల కట్టేస్త!"

దిగి మాఫీ అడిగాను. తర్వాత ఇద్దరం కలిసి గంటసేపు గొర్రెల్ని పోగుచేశాం. మోకాలి కోసం పులి కథ ఎత్తుకోబోయాను. మల్లయ్య సగంలోనే ఆపాడు.

"పులి కొరికితె మొకాలు సుత పులి కడుపులనే ఉంటది. నీది నీ కాడనే ఉన్నది. యాడ్నో కాలుజారి పడ్డవ్."

ఇరవై ఏళ్ళలో నా పులిని ఇంత తొందరగా చంపినవాడు లేడు. ఆయన తన ముంతలోని అంబలి పోశాడు. మా ఇంట్లో అంబలిలో మజ్జిగ పోస్తారు. ఆయన గొర్రెపాలు పోశాడు. వాసన ముక్కుకు ఎక్కింది గాని కడుపు చల్లబడింది. ఎటు పోతున్నానో చెప్పాను. అంతా విని, "అయితె మోత తీసేయనీకె పోతున్నవ్" అని తలూపాడు. "పో. మంచిదే. గొర్లు గూడ నీకు దువా చేస్తయి."

తాండూరులో బండలూ గొట్టాలూ

తాండూరులో అన్నీ బండలే. గోడకు బండ, కప్పుకు బండ, చేను చుట్టూ కంచెకు నిలబెట్టిన బండ, హోటల్లో బల్లకు బదులు బండ. కుక్క పడుకునే చోటు కూడా నున్నగా ఉంటుంది. మా ఊళ్ళో పెళ్ళికి పందిరి వేస్తారు, ఇక్కడ రెండు బండలు నిలబెట్టి మూడోది కప్పేస్తారేమో అనిపించింది. స్టేషను దగ్గర సరాయిలో రాత్రంతా బండమీదే పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నడుము కూడా బండ అయింది.

లారీల పాత సామాన్లు అమ్మే సేఠ్ ఒకాయన గొట్టాలు మూడు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి తిన్నటి గొట్టం, లోపల అడ్డం అన్నదే లేదు. ఒకటి చేపతోకలా చివర చీలి, నికెలు పూతతో మెరుస్తోంది. మూడోది లారీది, ఉత్త డొల్ల, సొరకాయంత లావు.

సేఠ్ చేపతోకను నా ముఖం దగ్గర పెట్టాడు. నా ముఖం దాంట్లో కనిపించింది, పొడుగ్గా, పదేళ్ళు చిన్నగా.

"ఇది ఏస్తె సాబ్, మీరు ఊర్లకు వస్తుంటె జనం లేసి నిలబడాలె. దమ్ముకు దమ్ము, షాన్‌కు షాన్. ఇంజన్‌కు పెద్ద జెట్టు పెట్టిపిస్త, పెట్రోల్ మస్తు తాగుతది, గని గుర్రం లెక్క ఉరుకుతది."

నిజం చెప్పాలి. ఒక క్షణం సత్తెమ్మా, సిస్టరమ్మా, కుట్లు వేయించుకున్న ఆ మనిషీ అందరూ నా మనసులోంచి జారిపోయారు. ఆ మెరిసే తోకతో కచేరీ ముందు దిగుతున్న నేనే మిగిలాను. నలభై ఏడేళ్ళ మనిషికి ఇది సిగ్గుచేటు. తొందరగా తేరుకుని అసలు సంగతి చెప్పాను.

సేఠ్ చేపతోకను బట్టతో తుడిచి అల్మారాలో పెట్టేశాడు. "మోత వద్దు, దమ్ము కావాలె. గీ బేరం నాతోని కాదు సాబ్. యాలాల్‌ల ఖాజా మియా అని పిండి గిర్ని మిస్త్రీ ఉన్నడు. ఇంజన్ దగ్గులు ఇని రోగం చెప్తడు. గీ లారీ డొల్ల పట్కపోండ్రి, పనికొస్తది."

దగ్గు విని రోగం చెప్పేవాణ్ణి వెతుక్కుంటూ ఏడు నెలలు తిరిగినవాణ్ణి. డొల్ల వెనక కట్టుకుని బయలుదేరాను.

యాలాల్ గిర్ని

యాలాల్ ఇంకా కనబడకముందే గిర్ని వినబడింది. కూక్, కూక్, కూక్, కూక్. ఆయిలింజను పొగగొట్టం పైన ఇత్తడి కప్పు ఒకటి బోర్లించి, ఒక పక్క మాత్రం బిగించి వదిలేస్తారు. లోపలి పొగ ఒక్కో గుటకకూ దాన్ని ఎగరేసి కూత పెట్టిస్తుంది. కూత వినబడితే గిర్ని నడుస్తున్నట్టు. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు జొన్నలు గంపకెత్తుకుని బయలుదేరుతారు. మా వికారాబాదులో కరెంటు గిర్ని వచ్చాక ఆ కూత పోయింది. పోయిందని కూడా ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు.

గిర్ని యజమానురాలు బసమ్మ, నుదుట విభూతి పెట్టుకున్న ముప్పై అయిదేళ్ళ మనిషి. భర్త పోయి నాలుగేళ్ళట. కన్నడమూ తెలుగూ ఒకే గుక్కలో మాట్లాడుతుంది.

"ఊట ఆయ్తేనణ్ణా? తిన్నావా? లేదు కదా. మొగం జూస్తెనే ఎరుకైతంది. కూసో."

ఎండబెట్టిన జొన్నరొట్టె పెట్టింది. అప్పడంలా పలచగా, విరిస్తే టప్పుమంటుంది. ఇది నెలరోజులు నిలవ ఉంటుందట. మా ఇంట్లో రొట్టె చల్లారితే మొగుడూ పెళ్ళాలకు తగువు. ఇక్కడ చల్లారాకే తింటారు. పల్లికారమూ, గట్టి పెరుగూ వేసి పెట్టింది. పైసలివ్వబోతే చేతిమీద ఒకటి కొట్టింది.

ఖాజా మియా గిర్ని వెనక నుంచి నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన బక్క మనిషి, మెహందీ పెట్టిన గడ్డం. నేనెవరో, ఆదివారం సంగతేమిటో విని, బండి స్టార్టు చేయమన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు.

"బంద్ చెయ్. బుడ్డోడు ముసలోడైండు. వాల్వులు సరిగ మూస్త లేవు. హెడ్డు వంగింది, సందుల గాలి పోతంది. లోపట బొగ్గు. మోతకు కారణం సైలెన్సర్. మీరు ఆగేటందుకు కారణం గిదంత. మోత వేరె, దమ్ము వేరె, మున్షీ సాబ్. అందరు రెండు ఒకటే అనుకుంటరు."

"మరి చేస్తవా?"

"ఆదివారంకి కావాలె అన్నరు కద. జుమ్మా నమాజ్ అయినంక షురూ చేస్త."

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఇంజను తల విప్పాడు. లోపలి బొగ్గును ఇనుముతో గీకితే గీతలు పడతాయని టెంకాయ చిప్పతో గీకాడు. వాల్వులకు మెత్తటి సాన మందు రాసి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాడు. తర్వాత నేనెక్కడా చూడని పని ఒకటి చేశాడు. తాండూరు నున్నబండ ఒకటి తెచ్చి నేలమీద సమంగా పరిచి, దానిమీద మందు పూసి, ఇంజను తలను బోర్లించి రుద్దడం మొదలుపెట్టాడు. సున్నా చుట్టినట్టు ఒకవైపు, మళ్ళీ రెండోవైపు.

"విలాయత్‌ల దీనికి మిషన్లు ఉంటయట. నాకు అల్లా గీ బండ ఇచ్చిండు. దీని కన్నా సమంగ ఉన్నది నాకు దొరకలే."

ఆయన అలిసినప్పుడు నేను రుద్దాను. చేయి నొప్పెట్టింది, భుజం లాగింది, కళ్ళ ముందు నక్షత్రాలు తిరిగాయి. నాలుగు గంటలు రుద్దితే, వంగిన తల బండకు అతుక్కుపోయినట్టు కూర్చుంది. ఇక గాలి పోదు, పొగ పోదు అన్నాడు. ముందువైపు గేరు పళ్ళచక్రం కూడా మార్చి చిన్నది వేశాడు. దానితో వేగం తగ్గినా ఎక్కే బలం పెరుగుతుందట. నాకు వేగంతో పనేముంది? పన్నెండు లోపల చేరితే చాలు.

కాగ్నా ఒడ్డు

శనివారం పొద్దున సైలెన్సరు వంతు. ఖాజా మియా నలభై ఏళ్ళుగా గిర్నిలే బాగుచేసినవాడు. ఊరి మధ్యలో గిర్నికి మోత వద్దంటే, గొట్టాన్ని నేలలో గుంతలోకి దించి గుంత నిండా రాళ్ళు నింపుతారు. పొగ ఆ రాళ్ళ సందుల్లో తిరిగి తిరిగి చప్పుడు లేకుండా బయటకొస్తుంది. ఆయన అదే చేశాడు. లారీ డొల్ల నిండా బండల చిప్పలు పోసి మూతి బిగించాడు.

స్టార్టు చేస్తే ఆశ్చర్యం, బండి పిల్లిలా గురగురలాడింది. నేను ఆయన చేతులు పట్టుకున్నాను.

"ఆగుండ్రి. ముందు ఎక్కనియ్యండ్రి" అన్నాడు.

కాగ్నా ఏటి ఒడ్డు నిలువుగా ఉంటుంది. వెనక ఒక జొన్నల బస్తా కట్టి దిగాను, తిరిగి ఎక్కబోయాను. సగంలో బండి దమ్ము తీసుకోలేక రొప్పింది, దగ్గింది, ఆగింది. తర్వాత బస్తాతో సహా నెమ్మదిగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. మడమలు ఇసుకలో పాతుకుని ఎంత ఆపినా నీళ్ళ అంచు దాకా జారింది. బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

"అన్నా, బండికి నీళ్ళు తాపనీకె వచ్చినవా?" అందొకామె.

మామూలప్పుడైతే ఆమెకు సరైన జవాబే దొరికేది. ఆ పూట ఏటి ఒడ్డున కూర్చుండిపోయాను. సత్తెమ్మ దగ్గు గుర్తొచ్చింది. ఇదే చప్పుడు, ఇలాగే ఊపిరి సగంలో తెగిపోవడం. మోత ఆపాలని లోపల రాళ్ళు నింపింది నేనే కదా అనిపించింది.

ఖాజా మియా నెమ్మదిగా దిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గల్తీ నాది మున్షీ సాబ్. గిర్ని ఒక్కకాడ నిలబడి పనిచేస్తది, నడిసేదానికి గట్ల కుదరది. నడిసెటోనికి ఊపిరి కావాలె. లేవుండ్రి."

రాళ్ళన్నీ ఏట్లో పారబోశాం. తిరిగి గిర్నికి వచ్చి ఆయన ఒక సన్నగొట్టానికి పిల్లనగ్రోవిలా నలుదిక్కులా బెజ్జాలు పొడిచాడు. దాన్ని డొల్ల మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరకు దూర్చి, చుట్టూ రాళ్ళకు బదులు ఇనుప తరుగు వదులుగా కూరాడు. ఊళ్ళోని కంచరి ఇత్తడితో అతుకులు పోశాడు. పొగ తిన్నగా పోవచ్చు, చప్పుడు మాత్రం బెజ్జాల్లోంచి పక్కకు పోయి తరుగులో ఇంకిపోతుంది. మధ్యాహ్నం దాటాక అదే ఒడ్డు, అదే బస్తా. బండి ఒక్కసారి కూడా దగ్గకుండా పైకెక్కి నిలబడింది. చప్పుడెంతంటే, ఒడ్డుమీద ఖాజా మియా "సుభానల్లా" అన్నది నాకు వినబడింది.

బయలుదేరబోతుంటే బసమ్మ గిర్ని ఆపించి వచ్చింది. ఆమె చేతిలో పాత ఇత్తడి కప్పు ఉంది.

"అణ్ణా, నీ హెండతికి, నీ పెండ్లానికి ఎట్ల ఎరుకైతది?"

"ఏంది?"

"నీవు వస్తుండది. పోయినేడు మా కప్పు ఊడి యాడ్నో పడిపాయె. ఎనిమిది దినాలు గిర్ని నడిచె, నేను కూసుంటి, ఒక్క గంప రాలే. అందరు బంద్ అయింది అనుకుండ్రి. నడిచేది నడుస్తనే ఉండె, ఇనపడకపాయె. అంతె. కొత్తది ఏసినంక ఇది దొరికె." కప్పు నా చేతిలో పెట్టింది. "మంచంల ఉన్నామె. ఇనపడకపోతె ఎట్ల లేసి కూసుంటది?"

ఇన్ని తిప్పలు పడి మోత తీయించుకుంటే మళ్ళీ కూత పెట్టమంటుందేమిటని లోపల విసుక్కున్నాను. ఖాజా మియా మాత్రం వెంటనే సైలెన్సరు చివర రెండు మరలు పెట్టి, కప్పు ఎలా బిగించాలో, ఎలా తీయాలో చూపించాడు. ఆమె మనసు ఎందుకు నొప్పించాలని సంచిలో పడేసుకున్నాను.

తిరుగుదారి

ధారూర్ దగ్గర మళ్ళీ అదే మంద, సాయంత్రం దొడ్డికి తిరిగి వస్తోంది. ఈసారి ఒక్క గొర్రె కూడా కదల్లేదు. నేను వెనక వస్తున్నట్టు వాటికీ తెలియదు, మల్లయ్యకూ తెలియదు. దగ్గరికొచ్చి దగ్గాను. ఆయన అదిరిపడి కర్రెత్తాడు.

"నువ్వా! మొన్న ఊరంత మొత్తుకుంట వస్తివి. ఇయ్యాల దొంగ లెక్క వస్తివి. మనిషన్నంక నడిమిట్ల ఒక తీరు ఉండదా?"

మందలోంచి పావుగంట సేపు, గొర్రెల వీపులు మోకాళ్ళకు రాసుకుంటుండగా, నడకకంటే నెమ్మదిగా పోయాను. ఇల్లు చేరి, కాళ్ళు కూడా కడుక్కోకుండా పడుకున్నాను.

ఆదివారం, మూడు మలుపులు

తొమ్మిదిన్నర దాటాక బయలుదేరాను. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర, నేను ఏడు నెలలుగా కూర్చున్న రాయి పక్కనుంచి ఆగకుండా పోయాను. దానికి చేయి ఊపాను కూడా. అడవిలో నెమళ్ళ అరుపులు, ఎండుటాకుల మీద ఉడుత పరుగు వినబడ్డాయి. ఇన్నాళ్ళూ ఆ కొండ మీద ఇవి ఉన్నాయని నాకు తెలియదు. గేటు చేరేసరికి ఇంకా పది కాలేదు.

సిస్టరమ్మ గేటు లోపల చేతులు కట్టుకుని నిలబడి దారి కేసి చూస్తోంది. నేను కళ్ళెదుట ఆగాక గాని నన్ను నమ్మలేదు.

"ఏవండీ, తోసుకుంటూ వచ్చారా?"

కిక్కు కొట్టి చూపించాను. ఆమె వంగి సైలెన్సరు దగ్గర చెవి పెట్టి, నవ్వి గేటు తెరిచింది. ఆ నవ్వు కోసం నేను బండ మీద నాలుగు గంటలు రుద్దాను. పది కొట్టేదాకా అక్కడే కూర్చోబెట్టి, తర్వాత లోపలికి పంపింది.

వరండా బెంచీ ఖాళీగా ఉంది. నేను వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. వార్డు గుమ్మం దాకా వెళ్ళి, కళ్ళద్దాలు తీయడానికి స్తంభం పక్కన ఆగాను. లోపల సత్తెమ్మ గొంతు.

ఆమె మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన ఉడకబెట్టిన గుడ్డు.

"...రెండో మలుపు కాడ ఉన్నడిప్పుడు" అంటోంది సత్తెమ్మ. "ఎలుగుబంటి అడ్డం వచ్చి నిలబడ్డది. ఎప్పుడు వచ్చేదే గద, మా ఆయన ఎరికె దానికి. బీడీ ఇయ్యి మున్షీ అంటది. ఈయన తాగడు, దాని కోసమే జేబుల పెట్టుకస్తడు."

"మోతనే ఇనొస్త లేదు కద అక్కా" అంది ఒకామె.

"గాలి అటు మళ్ళింది."

"ఇంత సేపాయె. నాకు తెలిసి ఇయ్యాల రాడు" అంది పక్క మంచం మీది ముసలామె. "ఆ దొరసాని గేటు కాడ్నే తిప్పి పంపిచ్చింటది. పందెం నాదే, నా గుడ్డు నాకే."

సత్తెమ్మ దగ్గింది. దగ్గు ఆగాక, గోడ వైపు చూస్తూనే అంది:

"వస్తడు. బీడీ అయిపోనియ్యి. ఎలుగు తొందరపెడితె ఒప్పుకోదు."

కొంగులు ఎందుకు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళో అప్పుడు తెలిసింది. ముప్పావు గంట మోత నా కష్టమనుకున్నాను. దాని మీద ఆమె ఏడు నెలలుగా ఒక వార్డును నడిపింది. నేను ఎక్కడ ఆగానో వింటూ, ఆగిన చోటల్లా ఒక కథ పెట్టుకుంటూ. ఈ రోజు వినడానికి ఏమీ లేదు. ఉత్త చేతులతో అల్లుతోంది. ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చుని, ఏమీ అననట్టే ఉండి, అంతా నేర్చుకుంది.

స్తంభం పక్కనుంచి వచ్చినట్టే వెనక్కి నడిచాను. మోకాలు వద్దంది, వినలేదు. గేటు దగ్గర సిస్టరమ్మ కంగారుపడింది.

"ఏమైందండీ? అప్పుడే వెళ్ళిపోతున్నారా?"

"ఇంకా రాలేదమ్మా నేను" అన్నాను. సంచిలోంచి ఇత్తడి కప్పు తీసి, మరలు బిగించి చూపించాను. "పిట్ట కూతంత ఉంటది. ఒక్కసారి ఎక్కనియ్యండ్రి. ఎవరన్న ఉలిక్కిపడితె ఇక్కడ్నే పీకేస్త."

ఆమె నా ముఖం చూసింది, కప్పు చూసింది. "నెమ్మదిగా రండి" అంది.

ఇంజను కట్టేసి రెండో మలుపు దాకా చప్పుడు లేకుండా జారాను. అక్కడ ఆగి, కప్పు బోర్లించి, స్టార్టు చేశాను. కూక్, కూక్, కూక్. యాలాల్ గిర్ని గొంతు అనంతగిరి అడవిలో పలికింది. నెమళ్ళు నోళ్ళు మూసుకున్నాయి. ఎంత నెమ్మదిగా పోవచ్చో అంత నెమ్మదిగా, మలుపు దగ్గర ఊరికే ఆగి, ఒక బీడీ తాగేంతసేపు కూర్చుని, మళ్ళీ కూతపెట్టుకుంటూ ఎక్కాను.

ఈసారి వరండా బెంచీ మీద సత్తెమ్మ ఉంది. దుప్పటి భుజాల చుట్టూ కప్పుకుని, ముసలామె చేయి పట్టుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట. మిగతా ముగ్గురూ నవ్వుకుంటూ వెనక నిలబడి ఉన్నారు.

"గింత ఆలస్యమేందయ్యా?" అంది.

"రెండో మలుపు కాడ ఎలుగు ఆపింది" అన్నాను. "బీడీ అడిగింది."

వెనక నవ్వులు ఆగిపోయాయి. సత్తెమ్మ నన్ను చూసింది. నా ముఖంలో ఏం చదివిందో తెలియదు, చదివేసింది మాత్రం.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. అగ్గిపెట్టె సుత అడిగింది. వచ్చే ఆదివారం తెస్త అని చెప్పిన."

సత్తెమ్మ ముసలామె వైపు తిరిగి, దుప్పటిలోంచి చేయి చాచింది.

"గుడ్డు ఇటు తే."